రాళ్ల పని మానేసి 18 ఏళ్లు.. ఇప్పుడు ఆయాసమా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. 22వ ఏట నుంచి 14 ఏళ్లు రాళ్లు కోసి, పాలిష్ పట్టే పని చేశాను. ఆ పని మానేసి 18 ఏళ్లయింది. ఏడాదిగా పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లో చిన్న మచ్చలున్నాయి. ఒక డాక్టర్ టీబీ కావొచ్చన్నారు, మరొకరు సిలికోసిస్ అంటున్నారు. ఎప్పుడో మానేసిన పనికి ఇప్పుడు జబ్బు వస్తుందా? ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందా?

సలహా: వస్తుందండీ. రాతిదుమ్ముతో వచ్చే సిలికోసిస్ తీరే అంత. రాయి కోసేటప్పుడు కనురెప్పల మీద తెల్లగా పేరుకునే దుమ్మును రోజూ దులుపుకొనే ఉంటారు. అసలు ప్రమాదం దానితో కాదు, రాతిలో ఉండే, కంటికి ఆనని సన్నటి సిలికా రేణువులతో. అవి ముక్కు, గొంతు దాటి నేరుగా గాలిగదుల్లోకి చేరతాయి. అక్కడ కాపలా ఉండే కణాలు వాటిని మింగుతాయి గానీ, అరిగించుకోలేక చచ్చిపోతాయి. బయటపడ్డ రేణువును ఇంకో కణం మింగుతుంది, దానికీ అదే గతి. ఇది జరిగినచోటల్లా వాపు వచ్చి, మెల్లగా గట్టి గడ్డలు కడతాయి. మీరు పని మానేశారు, లోపలి రాతిపొడి మానలేదు. అందుకే 20, 30 ఏళ్లకు బయటపడటమూ మామూలే.

టీబీ అనుమానించిన డాక్టర్‌ను తప్పుపట్టను. రెండూ ఎక్కువగా పైభాగాల్లోనే కనిపిస్తాయి. పైగా సిలికోసిస్ ఉన్నవారికి టీబీ ముప్పు మిగతావారికంటే ఎన్నోరెట్లు ఎక్కువ, రెండూ కలిసే ఉండొచ్చు. కాబట్టి ముందు టీబీ క్రిమిని పట్టే జీన్ ఎక్స్‌పర్ట్, కల్చర్ పరీక్షలకు కళ్లె ఇవ్వండి. పొడిదగ్గు కదా, రాకపోతే ఉప్పునీటి ఆవిరి పట్టించి తెప్పిస్తారు. సిలికోసిస్ ఎవరికీ అంటదు. టీబీ అంటుతుంది. ఇది తేలేదాకా దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి.

తర్వాత ఛాతీ సీటీ స్కాన్, ఊపిరి సామర్థ్యం చూసే స్పైరోమెట్రీ చేయించాలి. ఏ రాయి కోశారు, నీళ్లు పోస్తూనా, పొడిగానా, ముఖానికి ఏం కట్టుకునేవారు అన్నవి కాగితం మీద రాసుకెళ్లండి. నా దగ్గరకొచ్చేవాళ్లను ‘ఏం పని చేస్తారు?’ అంటే ఇప్పటి పనే చెబుతారు. ‘అంతకుముందో?’ అని రెండుసార్లు అడిగితేగానీ రాళ్ల సంగతి బయటికి రాదు.

సిలికోసిస్ అని తేలితే, కట్టిన మచ్చలను కరిగించే మందు లేదు. ఉన్న ఊపిరిని కాపాడుకోవటమే వైద్యం. గాలిగొట్టాలు ముడుచుకుని ఉంటే ఇన్‌హేలర్ పనికొస్తుంది. శ్వాస వ్యాయామాలు ఆయాసాన్ని బాగానే తగ్గిస్తాయి. ఫ్లూ, నిమోనియా టీకాలు వేయించుకోండి. ఎవరో తగ్గిందన్నారని స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, అణగి ఉన్న టీబీని అవి లేపుతాయి. సిగరెట్ అలవాటుంటే ఈరోజే ఆపేయండి. సిలికా దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది, పొగ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

సాయంత్రం జ్వరం, బరువు తగ్గటం, కళ్లెలో రక్తం కనిపిస్తే ఆగకుండా డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఉన్నట్టుండి ఛాతీలో ఒకపక్క నొప్పి, ఊపిరాడకపోవటం అయితే నేరుగా ఎమర్జెన్సీకే. అప్పట్లో మీ పక్కన కూర్చుని రాయి కోసినవాళ్లతో ఇంకా మాటలున్నాయా? వాళ్లనూ ఒక ఎక్స్‌రే తీయించుకోమనండి, దగ్గు లేకపోయినా సరే.