టెక్ సందేహాలు: గ్వాంగ్‌జౌ వెళ్లే ముందు ఫోన్‌లో చక్కబెట్టుకోవలసినవి

కోల్‌కతా నుంచి 2025 అక్టోబరు 26న, ఢిల్లీ నుంచి ఆ తరువాతి నెలలో గ్వాంగ్‌జౌకు నేరుగా విమానాలు మళ్లీ మొదలయ్యాయి. అప్పటి నుంచి ఆ నగరం గురించిన ప్రశ్నలు ఈ శీర్షికకు తరచుగా వస్తున్నాయి. గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సుకు రాజధాని అయిన ఆ నగరానికి మొదటిసారి, అదీ నాలుగైదు రోజులకే వెళ్లేవారికి అక్కడ దిగాక యాప్‌లు వెతుక్కునే వ్యవధి ఉండదు. గూగుల్ ప్లే స్టోరు అక్కడి నెట్‌లో తెరుచుకోదు కాబట్టి ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవారికి వెతికినా దొరకవు. ఈ వారం జవాబులన్నీ ఆ ప్రయాణం గురించే.

ప్రశ్న: గ్వాంగ్‌జౌలో జరిగే వాణిజ్య ప్రదర్శన కాంటన్ ఫెయిర్‌కు వెళ్తున్నాను. వాట్సాప్, జీమెయిల్ అక్కడ పనిచేయవంటున్నారు. ఏ వీపీఎన్ కొనమంటారు? (ఒక వ్యాపారి, విజయవాడ)

జవాబు: ఏదీ కొనవద్దంటాను. నిలిపివేసిన సైట్లను దొడ్డిదారిన తెరిచే యాప్‌లే వీపీఎన్‌లు; చైనాలో అనుమతి లేని వీపీఎన్‌ల వాడకాన్ని చట్టం ఒప్పుకోదు. అవి పనిచేస్తాయన్న భరోసా కూడా లేదు, ఈ రోజు కలిసినది రేపు కలవకపోవచ్చు. గూగుల్ సేవలు, వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ అన్నీ అక్కడి నెట్‌లో నిలిపివేసినవే అన్న మాట నిజం. అయితే ఆ వడపోత ప్రధానంగా స్థానిక కనెక్షన్లకు వర్తిస్తుంది. మీరు భారతీయ సిమ్‌పై రోమింగ్‌లో ఉన్నప్పుడు మీ డేటా, సీలు వేసిన కంటైనరు రేవులో విప్పకుండా మరో ఓడకెక్కినట్టు, చైనా నెట్‌వర్కు మీదుగా మీ సొంత ఆపరేటరు దగ్గరికి వెళ్లి అక్కడే ఇంటర్నెట్‌లో కలుస్తుంది. అందువల్ల వాట్సాప్, జీమెయిల్ మామూలుగానే తెరుచుకుంటాయి. విదేశీ ప్రయాణికుల కోసం అమ్మే ఈ-సిమ్‌లు (కార్డు లేకుండా ఫోన్‌లోనే నమోదయ్యే సిమ్‌లు) కూడా చాలావరకు హాంకాంగ్, సింగపూర్ వంటి చోట్ల నుంచి ఇదే పద్ధతిలో నడుస్తాయి. కొనేముందు విక్రేత ఆ సంగతి స్పష్టంగా చెప్పాడో లేదో చూసుకోండి. మీ ఫోన్ ఈ-సిమ్‌ను స్వీకరిస్తుందో లేదో తెలియాలంటే *#06# డయల్ చేసి, ఐఎంఈఐతో పాటు ఈఐడీ అనే పొడవైన సంఖ్య కనిపిస్తుందేమో చూడండి.

చాలామంది తడబడేది హోటల్‌లో. గదికి చేరగానే ఫోన్ వైఫైకి మారిపోతుంది, వాట్సాప్ ఆగిపోతుంది, ఈ-సిమ్ అమ్మినవాడు మోసం చేశాడని అనుమానం వస్తుంది. నిజానికి హోటల్ వైఫై స్థానిక కనెక్షన్. దాన్ని ఆపి మొబైల్ డేటాకు రండి. విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూపి కొనే స్థానిక సిమ్‌కూ ఇదే పరిమితి ఉంది.

మీరు వ్యాపారానికి వెళ్తున్నారు కాబట్టి, అక్కడివారు వాట్సాప్‌లా వాడే వీచాట్ తప్పనిసరి. 1957 నుంచి ఏటా రెండుసార్లు జరుగుతున్న ఆ ప్రదర్శనలో తయారీదారులు ఇప్పుడు విజిటింగ్ కార్డు కన్నా ముందు వీచాట్ క్యూఆర్ కోడ్ చూపిస్తారు. ఆ తరువాత ధరలు, నమూనాలు, బేరాలు అన్నీ అందులోనే సాగుతాయి. కొత్త ఖాతా తెరిచేటప్పుడు, అప్పటికే వీచాట్ వాడుతున్న ఒకరు ధ్రువీకరించాలని కొన్నిసార్లు అడుగుతుంది. వీచాట్‌ను 2020లో మన దేశంలో నిషేధించారు కాబట్టి ఇక్కడ ఉండగా ఆ పని కుదరకపోవచ్చు; అలా అడిగినప్పుడు తెలిసిన తోటి వ్యాపారి చేత చేయించుకోండి.

ప్రశ్న: మా దంపతులం విహారానికి వెళ్తున్నాం. అక్కడ ఎవరూ నగదు తీసుకోరని విన్నాం. మన యూపీఐ పనిచేస్తుందా? కార్డులు చాలవా? (హైదరాబాద్)

జవాబు: అక్కడి దుకాణాల్లో యూపీఐ పనిచేయదు. పెద్ద హోటళ్లను వదిలేస్తే కార్డు గీకే యంత్రం కూడా అంత సులభంగా కనిపించదు. ఎక్కడికి వెళ్లినా అలీపే లేదా వీచాట్ పే క్యూఆర్ కోడే. విదేశీయులు తమ వీసా, మాస్టర్‌కార్డు వంటి కార్డులను ఈ రెండింటికీ జోడించుకునే వీలు 2023 నుంచి బాగా మెరుగుపడింది. మొదటిసారి వెళ్లేవారికి అలీపే సులువని నా అభిప్రాయం. ఆంగ్లంలో తెరుచుకుంటుంది, అనువాదం, టాక్సీ, మెట్రో అన్నీ అందులోనే ఉంటాయి.

మన బ్యాంకు దగ్గర ఒక చిక్కు వస్తుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2020 మార్చి 16 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులపై విదేశీ లావాదేవీలు మొదట నిలిపివేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి విదేశీ వినియోగాన్ని, ఆన్‌లైన్ వినియోగాన్ని విడివిడిగా అనుమతించి, రోజువారీ పరిమితిని కూడా మీరే పెట్టుకోవాలి. ఆ తరువాత అలీపేలో కార్డు జోడిస్తే బ్యాంకు ఓటీపీ పంపుతుంది. అది భారతీయ నంబరుకే వస్తుంది కాబట్టి ఈ పనినంతా ఇంట్లోనే పూర్తి చేయండి. పాస్‌పోర్టు ఫోటోతో గుర్తింపు ధ్రువీకరణ కూడా ఇక్కడి నుంచే చేసుకోవచ్చు. పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వాలి. మనవారిలో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే వరసలో ఉంటుంది. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరసల్లో పేరు ఎలా ఉందో చూసి అదే క్రమంలో నింపండి. ఆధార్‌లో ఉన్నట్టో, ఆఫీసులో పిలిచినట్టో రాస్తే ధ్రువీకరణ తిరస్కరణకు గురవుతుంది.

కార్డు ఇక్కడే జోడించినా, ఏదో ఒక చెల్లింపు దగ్గర బ్యాంకు మళ్లీ ఓటీపీ అడగవచ్చు. కాబట్టి భారతీయ సిమ్‌ను తీసి పర్సులో పెట్టుకోకండి. బయలుదేరే ముందే దానిపై అంతర్జాతీయ రోమింగ్‌ను ఆపరేటరు చేత తెరిపించి, ఎస్‌ఎంఎస్‌ల కోసం ఒక అరలో అలాగే ఉంచండి; దాని డేటా రోమింగ్ మాత్రం ఆపి, డేటాకు ఈ-సిమ్‌ను వాడండి. చైనా ప్రయాణం అనగానే అందరూ వీపీఎన్ గురించే అడుగుతారు. నన్నడిగితే, ఓటీపీ అందని ఫోన్ వల్ల వచ్చే ఇబ్బంది దానికన్నా పెద్దది; వాట్సాప్ లేకపోతే ఒక పూట మాటలు ఆగుతాయి, చెల్లింపు ఆగితే భోజనమే ఆగుతుంది.

ఖర్చుల లెక్క కూడా తెలుసుకోండి. విదేశీ కార్డుతో చేసే చెల్లింపు 200 యువాన్లు, అంటే సుమారు రెండున్నర వేల రూపాయలు, దాటకపోతే అలీపే అదనపు రుసుము తీసుకోదు. దాటితే మొత్తంపై 3 శాతం పడుతుంది. మీ బ్యాంకు వేసే విదేశీ మారకపు రుసుము దీనికి వేరు. కనుక టీ, టిఫిన్లు, మెట్రో, టాక్సీ వంటివి అలీపేతోనూ, హోటల్ బిల్లు నేరుగా కార్డుతోనూ చెల్లించడం మేలు. చిన్న బండ్ల దగ్గర వేలాడే కోడ్‌లలో కొన్ని వ్యక్తిగత ఖాతాలవి. విదేశీ కార్డు నుంచి వ్యక్తులకు డబ్బు పంపే వీలు లేనందువల్ల అక్కడ చెల్లింపు సాగదు. అలాంటప్పుడు నగదే దారి. నగదును నిరాకరించరాదని చైనా కేంద్ర బ్యాంకు నిబంధన ఉన్నా, 100 యువాన్ల నోటుకు చిల్లర దొరకడం వేరే సంగతి కాబట్టి 10, 20 నోట్లు ఎక్కువగా తీసుకోండి. రూపే కార్డు ఒక్కటే ఉన్నవారు వెళ్లేలోగా వీసా లేదా మాస్టర్‌కార్డు తెచ్చుకోవాలి. వీలైతే ఇద్దరి ఫోన్లలోనూ వేర్వేరు బ్యాంకుల కార్డులు జోడించుకోండి. ఒక బ్యాంకు అనుమానించి ఆపినా రెండోది ఉంటుంది. విమానం దిగగానే ఒక నీళ్ల సీసా కొని ఏర్పాటు పనిచేస్తోందో లేదో అక్కడే తేల్చుకోవడం మంచిది.

ప్రశ్న: గూగుల్ మ్యాప్స్‌లో మా హోటల్ గుర్తుపెట్టుకున్నాను. ఉపగ్రహ చిత్రంలో చూస్తే అది రోడ్డుకు దూరంగా ఎక్కడో ఉంది. ఎందుకిలా? (విశాఖపట్నం)

జవాబు: మీ ఫోన్‌లో లోపం లేదు. చైనాలో మ్యాపులు ప్రచురించేవారు జీసీజే-02 అనే ప్రత్యేక అక్షాంశ రేఖాంశాల పద్ధతిని పాటించాలని అక్కడి చట్టం నిర్దేశిస్తుంది. అది మన జీపీఎస్ వాడే అసలు స్థానాలను కావాలనే కొంత పక్కకు జరుపుతుంది. గూగుల్‌లో రోడ్లు ఒక పద్ధతిలో, ఉపగ్రహ చిత్రం మరో పద్ధతిలో ఉండడం వల్ల రెండింటి మధ్య కొన్ని వందల మీటర్ల తేడా వస్తుంది. పెర్ల్ నదికి ఇరువైపులా పరుచుకున్న నగరంలో ఇది చిన్న తేడా కాదు, ఒడ్డున నిలబడినవారిని మ్యాపు నీళ్లలో చూపించగలదు.

ఐఫోన్ ఉంటే అందులోని యాపిల్ మ్యాప్స్ చాలు. చైనాలో అది స్థానిక సంస్థ ఆటోనావి సమాచారంతో నడుస్తుంది. ఆండ్రాయిడ్‌లో అదే సంస్థ యాప్ అయిన ఆమ్యాప్‌ను ముందే దించుకోండి. హోటల్ పేరు, చిరునామాలను చైనా లిపిలో బుకింగ్ నుంచి కాపీ చేసి ఒక నోటులోనూ, స్క్రీన్‌షాట్‌గానూ దాచుకుంటే వెతకడానికీ, డ్రైవరుకు చూపించడానికీ పనికొస్తుంది.

టాక్సీకి అలీపేలోనే ఉండే డీడీ సరిపోతుంది. డ్రైవరు పంపే సందేశాన్ని అది అనువదించి చూపుతుంది. బండి నంబరు సరిచూసుకుని ఎక్కితే చాలు. బైయున్ విమానాశ్రయం నుంచి మెట్రో 3వ లైను నగరంలోకి వస్తుంది, రద్దీకి పేరుపడ్డ లైను, పెద్ద సామానుతో ఉదయం వేళ దాని జోలికి వెళ్లకండి. ప్రదర్శనకు వెళ్లేవారు 8వ లైనులో పాజౌ స్టేషన్ చూసుకోవాలి. మెట్రోలో కనీస చార్జీ 2 యువాన్లు. కోడ్‌తో కుస్తీ ఇష్టం లేకపోతే యంత్రం దగ్గర గుండ్రటి ప్లాస్టిక్ టోకెన్ కొనుక్కోవచ్చు. ప్రతి స్టేషన్‌లోనూ సంచులు స్కానరు గుండా వెళ్లాలి.

ప్రశ్న: 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు తీసుకెళ్లవచ్చా? అక్కడ ప్లగ్గులు ఎలా ఉంటాయి? (వరంగల్)

జవాబు: 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు, పరిమితి 100 కాబట్టి చేతిసంచిలో తీసుకెళ్లవచ్చు, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. అయితే 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో, అక్కడి 3సీ (భద్రతా ధ్రువీకరణ) ముద్ర లేని పవర్ బ్యాంకులను అనుమతించడం లేదు. గ్వాంగ్‌జౌ నుంచి మరో నగరానికి విమానంలో వెళ్లే ఆలోచన ఉంటే మీది భద్రతా తనిఖీ దగ్గరే ఉండిపోతుంది. దుకాణాల్లో, భోజనశాలల్లో అద్దె పవర్ బ్యాంకుల పెట్టెలుంటాయి, కోడ్ స్కాన్ చేసి తీసుకోవచ్చు. విద్యుత్తు 220 వోల్టులే. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు పట్టదు, ల్యాప్‌టాప్‌కు అడాప్టరు కావాలి.

ప్రశ్న: మా అమ్మాయి అక్కడ వైద్యవిద్య చదువుతోంది. చూడడానికి వెళ్తున్నాం. మాకు ఇంగ్లీషు అంతగా రాదు, శాకాహారులం. తెలుగు నుంచి అనువదించే యాప్ ఉందా? (గుంటూరు)

జవాబు: గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు, సరళ చైనీస్ భాషల ఆఫ్‌లైన్ ఫైళ్లను ఇక్కడే దించుకోండి, నెట్ లేకపోయినా పనిచేస్తాయి. వాక్యాలు పొట్టిగా, ఒక్కో విషయానికి ఒక్కొక్కటిగా ఉండాలి. సామెతలు, మర్యాదపూర్వకమైన దీర్ఘ వాక్యాలు అనువాదంలో చెదిరిపోతాయి. భోజనం విషయంలో యాప్‌ను నమ్ముకోకండి. కూరగాయల వంటకంలోనూ ఆయిస్టర్ సాస్, పందికొవ్వు, మాంసపు రసం కలుస్తుంటాయి కాబట్టి "మాంసం లేదు" అంటే అక్కడివారికి చాలదు. మాంసం, చేప, గుడ్డు, ఆయిస్టర్ సాస్, పందికొవ్వు, మాంసపు రసం ఏవీ వద్దని మీ అమ్మాయి చేత చైనా భాషలో పెద్ద అక్షరాలతో రాయించి, ఆ బొమ్మను ఫోన్‌లో దాచుకోండి.

మరో ముఖ్యమైన సంగతి. హోటల్‌లో దిగితే పోలీసు నమోదు హోటలే చూసుకుంటుంది. అమ్మాయి అద్దె ఇంట్లో దిగితే 24 గంటల్లోగా మీరే నమోదు చేయించుకోవాలి. విమానంలో నింపే ఆగమన పత్రాన్ని 2025 నవంబరు 20 నుంచి ఆన్‌లైన్‌లో ముందే నింపవచ్చు, అమ్మాయి సాయంతో ఆ పని ఇంటి దగ్గరే ముగించండి.

ప్రశ్న: తిరిగి వచ్చేటప్పుడు అక్కడి ఫోన్ కొనవచ్చా? (నెల్లూరు)

జవాబు: ధర చూసి తొందరపడకండి. అక్కడ అమ్మే ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ సేవలు సిద్ధంగా ఉండవు. కొన్నింటిలో తరువాత చేర్చుకోవచ్చు, హువావే కొత్త ఫోన్లలో ఆ ఆశ పెట్టుకోకూడదు. జియో వాడేవారు 4జీకి 3, 5, 40 బ్యాండ్లు, 5జీకి ఎన్28, ఎన్78 ఉన్నాయో లేదో ఆ మోడల్ వివరాల్లో చూడాలి. వాట్సాప్ బ్యాకప్‌తో పాత ఫోన్‌ను అక్కడే మార్చేయకండి, ఇంటికొచ్చాక మార్చుకోండి. అక్కడి వారంటీ ఇక్కడి సర్వీసు కేంద్రంలో చెల్లుతుందా అన్నది డబ్బు కట్టకముందే అడగాలి. చెల్లదన్న జవాబు వస్తే ధరలో ఎంత తేడా ఉన్నా నేనైతే కొనను.