సోలార్ ప్లాంటు వస్తే పంచాయతీ మాట చెల్లుతుందా?

ప్రశ్న: మా ఊరి పక్కన పెద్ద సోలార్ ప్లాంటు పెడతారట. పట్టా భూములు లీజుకు అడుగుతున్నారు, గొర్రెలు మేసే గుట్ట కూడా పోతుందంటున్నారు. మేం ఏం చేయగలం?
- ఓ వార్డు సభ్యుడు, అనంతపురం జిల్లా

జవాబు: పంచాయతీ ఒక్కటే వద్దంటే ప్లాంటు ఆగిపోదండీ, ముందే చెప్పేస్తున్నా. పంచాయతీలకు అప్పగించదగ్గ పనుల జాబితా అయిన రాజ్యాంగం 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో సంప్రదాయేతర ఇంధనం ఉంది, కానీ అసలు నిర్ణయాలు రాష్ట్ర స్థాయిలోనే జరుగుతాయి. పైగా 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ సోలార్ ప్యానెళ్ల ప్లాంట్లకు వర్తించదు, అంటే దాని కింద జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ కూడా లేనట్టే. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్లలోని సోలార్ పార్కే చూడండి, 1000 మెగావాట్లకు దాదాపు 6 వేల ఎకరాలు పట్టింది, అంత నేల మారిపోతుంటే ఊరిని కూర్చోబెట్టి అడగొద్దా?

ముందు ఆ గుట్ట రెవెన్యూ రికార్డులో ఏమని ఉందో చూడండి. మేత పోరంబోకు (పశువుల మేతకు వదిలిన ఉమ్మడి భూమి) అయితే గ్రామసభ తీర్మానం చేసి కలెక్టరుకు పంపండి, ఊరి ఉమ్మడి భూములను కాపాడాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను అందులో రాయండి. మందలు వెళ్లే బాట కంచె లోపల పడకుండా అడగండి. ప్యానెళ్లు కడిగే నీళ్లు ఏ బోరు నుంచి వస్తాయో రాతపూర్వకంగా తీసుకోండి.

లీజు కాగితం మీద రైతులు సంతకం పెట్టేముందు కౌలు ఏటా ఎంత పెరుగుతుంది, గడువు అయ్యాక స్తంభాలు, కాంక్రీటు ఎవరు పీకుతారు అన్న రెండు లైన్లు ఉన్నాయో లేదో వకీలుకు చూపించండి.