పదకొండు వేల ట్యూనర్ కోసం ఆర్‌డీని కదిలించాలా?

ప్రశ్న: తిరుపతి గాంధీ రోడ్డులో మాకు చిన్న ఫ్యాన్సీ దుకాణం ఉంది. మా అమ్మాయి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటోంది. శ్రుతి కచ్చితంగా చూపుతుందని 11,000 రూపాయల పెడల్ ట్యూనర్ కొనమంటోంది. పోస్టాఫీసు ఆర్‌డీలో 20 నెలలుగా నెలకు 2,000 కడుతున్నాను. దాన్ని మూసేయనా, క్రెడిట్ కార్డుపై వడ్డీ లేని వాయిదాల్లో తీసుకోనా?

జవాబు: రెండూ వద్దు. మొదటిది అసలు కుదరదు. పోస్టాఫీసు ఆర్‌డీని మూడేళ్లు నిండనిదే మూయనివ్వరు. నిండాక మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీయే వస్తుంది. 12 వాయిదాలు దాటాయి కనుక జమలో సగం వరకు అప్పు ఇస్తారు, ఆర్‌డీ వడ్డీకి 2 శాతం కలిపి వసూలు చేస్తారు. ఇక కార్డు సంగతి. వడ్డీని తగ్గింపుగా సర్దామని చెప్పినా, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మీకే పడుతుంది. చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ రుసుమూ వేస్తాయి.

అసలు ఆ వస్తువు అమ్మాయికి పనికొస్తుందా అన్నది చూడాలి. పెడల్ ట్యూనర్ ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారు కాలి దగ్గర పెట్టుకునేది. నాదం కేబుల్ గుండా అందులోకి వెళ్లాలి. మామూలు వయొలిన్‌కు కేబుల్ గుచ్చే చోటే ఉండదు! నాదాన్ని పట్టి కేబుల్‌కు అందించే పికప్, కేబుల్, అడాప్టర్ ఖర్చులు దాని వెనకే వస్తాయి. అమ్మేవాళ్లు ఈ మాట ముందుగా చెప్పరు.

కచ్చితత్వం మాటకొస్తే, శ్రుతి తేడాను సెంట్లలో కొలుస్తారు; ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరం 100 సెంట్లు. ఖరీదైన స్ట్రోబ్ ట్యూనర్లు 0.1 సెంటు తేడా కూడా పట్టేస్తాయి, మామూలు క్లిప్ ట్యూనర్ ఒక సెంటు అటూఇటూగా చూపుతుంది. మెట్లు లేని వయొలిన్ మీద వేలు వెంట్రుకవాసి జరిగినా అంతకు మించిన తేడా వస్తుంది. పైగా ట్యూనర్ లెక్కలో పంచమం (ప) షడ్జమానికి (స) 700 సెంట్ల పైన ఉంటుంది, చెవికి ఇంపైన శుద్ధ పంచమం 702 దగ్గర పలుకుతుంది. కాబట్టి షడ్జమాన్ని ట్యూనర్‌తో కట్టి, పంచమాన్ని తంబురా వింటూ సరిచూసుకోమనండి.

కొనాల్సింది వయొలిన్ తలకు తగిలించే క్రొమాటిక్ క్లిప్ ట్యూనర్, అంటే పన్నెండు స్వరస్థానాలనూ గుర్తించేది. ఐదారు వందల్లో మంచిదే దొరుకుతుంది. అది చెక్క కంపనాన్ని పట్టుకుంటుంది, అందుకే అన్నమాచార్య కళామందిరంలో కచేరీకి ముందు పక్కనే మృదంగం మోగుతున్నా పెద్దగా తడబడదు. ఫోను యాప్‌కు ఆ గోలలో దిక్కు తోచదు. ఇంట్లో సాధనకైతే ఉచిత యాప్ చాలు. వయొలిన్ అని మాత్రమే రాసి ఉన్న ట్యూనర్ వద్దు, అది పాశ్చాత్య పద్ధతిలో జి, డి, ఎ, ఇ తీగలనే గుర్తిస్తుంది. మనం కట్టేది స, ప, స, ప. రెండున్నర శ్రుతి అయితే షడ్జమానికి డి షార్ప్, పంచమానికి ఎ షార్ప్ తెరపై రావాలి. గురువుగారు ఏ శ్రుతిలో చెబుతున్నారో ముందే కనుక్కోండి.

వాయిదా కింద కట్టడానికి సిద్ధపడ్డ డబ్బులో కొంత నెలనెలా తీగలకు, కమాను వెంట్రుకలు మార్పించడానికి పక్కన పెట్టండి. రోజూ సాధన చేసే పిల్లకు అవి ఎలాగూ అరుగుతాయి.