నిలబడిన వరికట్టలు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

చైనా కవయిత్రి జెంగ్ మిన్ కవితలను నువ్వు చైనీస్ నుంచి నేరుగా తెలుగులోకి తెస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల ఇంత పనికి పూనుకుందన్న సంతోషం ఒక పక్క, నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావేమోనన్న దిగులు ఒక పక్క.

నిఘంటువు పక్కన పెట్టుకో, ప్రతి కవితనూ పైకి చదువుకో. ఇవి నీకు తెలిసినవే.

నా తప్పు విను. ఆమె 'బంగారు వరికట్టలు' కవితను నేను ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాను. 1940లలో, జపాన్‌తో యుద్ధం వల్ల కున్‌మింగ్ నగరానికి తరలివచ్చిన విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుతూ రాసిన కవిత అది. కోసిన పొలంలో వరికట్టలు నిలబడి ఉంటాయి. వాటిని చూస్తుంటే ఆమెకు అలసిన తల్లులు గుర్తొస్తారు. నేను వాటిని 'పనలు' అన్నాను. చిన్నప్పుడు అమ్మమ్మ వెంట గట్ల మీద నడిచినదాన్ని, అంత సొంత మాట దొరికిందని మురిసిపోయాను. అచ్చయ్యాక మీ మామయ్య చదివి, "పనలు ఎక్కడైనా నిలబడతాయా?" అని అడిగాడు. సేద్యం చేసే మనిషి కదా! కోసి నేల మీద పరిచేవే పనలు. భుజాల మీద అలసట మోస్తూ, తల వంచి ఆలోచిస్తూ, ఏ శిల్పానికీ లేనంత మౌనంగా నిలబడాల్సిన తల్లులను నేను పడుకోబెట్టేశాను. అది చాలదన్నట్టు వాళ్ల కళ్లలో నీళ్లు కూడా పెట్టాను. మూలంలో ఒక్క కన్నీటి చుక్క లేదు.

ఆమె ఊహ ఎంత దూరం పోయినా కాళ్లు ఆ పొలంలోనే ఉంటాయి, అమ్మాయీ. చివరికి చరిత్ర కూడా కాళ్ల కింద పారిపోయే చిన్న ఏరు అవుతుంది. అక్కడ నిలబడినవాళ్లు మానవజాతికి ఒక ఆలోచన అవుతారు. కట్ట నిలబడకపోతే ఆ ఏరు దేని కింద పారుతుంది?

కట్టలను ఆమె పిలిచే మాట బహువచనం. మన 'మీరు'లో దానికి గౌరవం కూడా తోడవుతుంది, వదులుకోకు. 'మౌనం' వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. ఒకటి తీసేయమని ఎవరు చెప్పినా వినకు.

తొందరపడకు తల్లీ. దశాబ్దాల పాటు ఆగిపోయిన ఆమె కవిత్వం 1979లో మళ్లీ మొదలైంది. 2022లో, 101 ఏళ్ల వయసులో వెళ్లిపోయింది. నీకింకా బోలెడంత సమయం ఉంది. రాత్రిళ్లు మేలుకుని కళ్లు పాడుచేసుకోకు. మొదటి ప్రతి పెద్ద అక్షరాలతో నాకు పంపు. మీ మామయ్యకు నేనే చదివి వినిపిస్తాను.

మీ పెద్దమ్మ