పక్కలకి ఎంత మెరుపైనా పెట్టు, డెక్ జోలికి పోకు

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మొదటి ఐదు నిమిషాలూ నిన్ను తిట్టింది. బంగారం లాంటి కంపెనీ ఉద్యోగం వదిలేశాడు, ఎవడో వాడి పారేసిన ఫైబర్ బోటు కొన్నాడు, భీమిలిలో టూరిస్టుల్ని తిప్పుతాడట, అని. తర్వాత గొంతు తగ్గించి, "బోటు మీద అమ్మ పేరు రాయించాడన్నయ్యా" అంది. ఆ మాట తర్వాత ఇద్దరికీ కాసేపు ఏమీ తోచలేదు. బ్యాలెన్సు అయిపోయిందని అబద్ధం చెప్పి పెట్టేసింది.

వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నాను. నువ్వు వాటిని రెండింతల స్పీడులో వింటావని మీ మరదలు చెప్పింది. అందుకే ఇలా రాసి, ఫోటోలు తీయించి పంపుతున్నాను. నిదానంగా చదువు.

లైసెన్సు తీసుకో. లైఫ్ జాకెట్ వేసుకోనివాణ్ణి ఎక్కించకు. సముద్రం బాగోలేని రోజు డబ్బుకి ఆశపడకు. ఇవన్నీ నీకు తెలిసినవే. కానీ 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగినప్పుడు మీ అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు, రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ సంగతి నీకు చెప్పదు. నిన్ను తిట్టడమే తన చెప్పడం.

ఇక బోటు. నువ్వు పెట్టిన ఫోటో పెద్దది చేసి చూశాను. నువ్వు తెల్ల బోటు అంటున్నావు, నాకు సున్నం కొట్టిన గోడ కనిపిస్తోంది. నల్ల గుడ్డ ఒకటి తీసుకుని పక్కన గట్టిగా రుద్ది చూడు, తెల్లగా పిండి వస్తుంది. అది దుమ్ము కాదు. ఫైబర్ మీద జెల్ కోటు అని ఒక పొర ఉంటుంది, ఎండకి అదే చచ్చి పొడి అవుతోంది. కొత్త బోటుకి కూడా ఆ పొర అర మిల్లీమీటరు, అటూ ఇటూగా. నీ ఏటీఎం కార్డు అంతకన్నా మందం. నువ్వు ఏది రుద్దినా అందులోంచే పోతుంది. నీకు ముందు వాడు ఎన్నిసార్లు రుద్దాడో అడిగావా? అడిగి ఉండవు. ఇంజను గంటలు అడిగి ఉంటావు.

ముందు మంచినీళ్లతో కడుగు, బాగా, అడుగు నుంచి పై దాకా. ఉప్పు ఉండగానే గుడ్డ పెట్టి తుడిస్తే ఆ ఉప్పే ఎమ్రీ పేపరు పని చేస్తుంది. గిన్నెలు తోమే సబ్బు ఈ మొదటిసారికి పర్వాలేదు, పాత మైనాన్నీ జిడ్డునీ లాగేస్తుంది. తర్వాత రోజూ దానితోనే కడిగితే నువ్వు పెట్టబోయే మైనాన్ని కూడా లాగేస్తుంది. అప్పుడు మెత్తటి బోటు సబ్బో కారు షాంపూనో వాడు.

బోల్టుల కింద కారిన తుప్పు చారలకి ఆక్సాలిక్ ఆసిడ్ పొడి నీళ్లలో కలిపి రాస్తారు. మా అమ్మ ఇత్తడి చెంబుకి చింతపండు రాసి కాసేపు వదిలేసేది చూశావా, అదే పని. చెంబుకైతే చేతులు చాలు, దీనికి గ్లవుజులు, కళ్లజోడు కావాలి. ఆరనివ్వకుండా కడిగేయ్. బ్లీచింగ్ పౌడరు దగ్గరికి రానివ్వకు, ఆ రెండూ కలిస్తే వచ్చే గాలి నీ ఊపిరి తీస్తుంది.

అమ్మ చింతపండుతో ఆగేది కాదు. తర్వాత బూడిదతో తోమేది, ఆ తర్వాత మెత్తటి ముగ్గుపిండి, చివరికి పొడి గుడ్డ. చేపల బుట్ట దించి వచ్చిన చేతులతోనే. రుద్దుడు గరుకు నుంచి మెత్తకి రావాలని నాకు షార్జా బోటు యార్డులో మలయాళీ ఫోర్‌మన్ నేర్పాడని అందరికీ చెబుతుంటాను గానీ, అది మా ఇంటి గుమ్మంలో చూసిందే.

నీకు బూడిద బదులు రబ్బింగ్ కాంపౌండ్, ముగ్గుపిండి బదులు పాలిష్. ప్యాడ్ తిప్పే పాలిష్ మిషను అద్దెకి తెచ్చుకో. కాంపౌండుకి ఊల్ ప్యాడ్, పాలిష్‌కి స్పాంజి ప్యాడ్. ఒక్కసారికి రెండడుగుల చదరం, అంతకన్నా ఎక్కువ పెట్టుకోకు. మందు పూయడం మిషను ఆపి పూయి, ప్యాడ్ బోటుకి ఆనించాకే స్విచ్ వేయి, లేకపోతే నీ మొహమంతా కాంపౌండే. నిమిషానికి 1000 నుంచి 1500 చుట్లు చాలు. ఎక్కడా ఆపి ఉంచకు. మధ్యమధ్యలో చేయి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే సరే, చుర్రుమంటే వదిలేయ్. అంచుల దగ్గర మరీ జాగ్రత్త. మూల మీద పొర పలచన, ప్యాడ్ బరువంతా అక్కడే పడుతుంది. ప్యాడ్ మూల మీద నుంచి బయటికి తిరగాలి గానీ మూలకి ఎదురు తిరగకూడదు. లోపలి గాజు అల్లిక బట్ట నేతలా కనిపించిందా, అక్కడ జెల్ కోటు అయిపోయింది. ఇక మళ్లీ పూయించుకోవడమే.

కాంపౌండుకి లొంగని చోట మాత్రమే వాటర్ పేపరు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం. 800 నంబరు, తర్వాత 1000, తర్వాత 1500, నంబరు పెరిగేకొద్దీ మెత్తన, నీళ్లు పోస్తూ. ముక్కుకి మాస్కు కట్టుకో. తడిపి రుద్దితే దుమ్ము రాదు కదా అంటావు. ఆరాక లేస్తుంది. రాత్రిళ్లు నా దగ్గు మీ అత్తకి లెక్క తెలుసు.

మిషను వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకో. కాళ్ల కింద నీళ్లుంటే ప్లగ్ పెట్టకు. నువ్వు లైను లాగే షెడ్డులో ఈఎల్‌సీబీ, అంటే కరెంటు లీకైతే లైను తెంపేసే స్విచ్, ఉందో లేదో చూసి, ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కి పడిపోతోందో లేదో చూసి, అప్పుడు మొదలుపెట్టు. నవ్వకు.

మొదలుపెట్టే ముందు మాస్కింగ్ టేపు వేసేవి రెండున్నాయి. ఒకటి మా అమ్మ పేరు. అది స్టిక్కరైనా పెయింటైనా కాంపౌండుకి నిలవదు, రెండు చుట్లకి అక్షరాలు చెదిరిపోతాయి. మా అమ్మ పేరు మీద మిషను తిప్పకు. చుట్టూ టేపు వేసి, ఆ సందులన్నీ చేత్తోనే, గుడ్డతోనే చెయ్యి. ఎంతసేపు పడితే అంతసేపు.

రెండోది డెక్, బోటు మీద మనుషులు నడిచే చోటు. దీని గురించే అసలు ఈ ఉత్తరం.

1998లో షార్జా వెళ్లిన నాలుగో నెల. యార్డులో నా కన్నా ముందు నుంచీ ఉన్నవాడు ఒకడు, సోంపేట వైపు నుంచి వచ్చినవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. గదిలో మంచం ఇప్పించింది అతను. మొదటి జీతం వచ్చేదాకా నా కంచంలో అన్నం పెట్టింది అతనే. నలభై అడుగుల తెల్ల బోటు ఒకటి వచ్చింది, శుక్రవారం ఓనరు కుటుంబంతో వస్తాడు. పక్కలకి మైనం పట్టించమన్నాడు ఫోర్‌మన్. గురువారం మధ్యాహ్నానికే అయిపోయింది. డబ్బాలో సగం మైనం మిగిలింది. నాకేమో ఉత్సాహం. అందరూ భోజనానికి వెళ్లిన టైములో ముందు డెక్కూ, పక్కన నడిచే సందూ, వెనక మెట్టూ అంతా మైనం పట్టించాను. ఒకసారి కాదు, మూడుసార్లు. వంగి చూస్తే మొహం కనిపించేలా. ఇంత పనివాణ్ణి ఈ యార్డు చూసి ఉండదనుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే మంచు తడి ఉంది. అన్న తాడు పట్టుకుని ముందు డెక్ మీదకి ఎక్కాడు. రెండో అడుగు వేస్తుండగా నేను చూశాను. కాలు ముందుకి పోయింది, మనిషి వెనక్కి పోయాడు. తాడు చుట్టే స్టీలు కొమ్ము మీద చెయ్యి పడింది, అక్కణ్ణుంచి జారి బోటుకీ జెట్టీకీ మధ్య సందులోకి దిగిపోతుంటే పక్క బోటువాళ్లు చొక్కా పట్టుకుని లాగారు. ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆ సందు ఇంకో జానెడు వెడల్పుంటే ఏమయ్యేదో నేను ఈ రోజుకీ చివరిదాకా ఆలోచించను.

ఫోర్‌మన్ నన్ను కొట్టలేదు. డెక్ మీద వేలు పెట్టి లాగి, ఆ వేలు నా కళ్ల ముందు పెట్టి, పళ్లు తోముకునే బ్రష్షు ఒకటి చేతికిచ్చాడు. డెక్ మీద జారకుండా డైమండు డైమండుగా గరుకు పోస్తారు కదా, ఆ ఒక్కో గుంటలో మైనం తెల్లగా కూర్చుని ఉంది, ఇడ్లీ రేకులో మిగిలిపోయిన పిండిలా. సబ్బు, వేడినీళ్లు, బ్రష్షు. రెండు రోజులు మోకాళ్ల మీద. నా మోకాళ్ల గురించి మీ అత్త డాక్టరుకి ఏవేవో కారణాలు చెబుతుంది, నేను కాదనను.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్లాను. ఏం మాట్లాడాలో తెలియక మంచం పట్టుకుని నిలబడ్డాను. అన్నే అడిగాడు. "ఎన్ని కోటింగులు కొట్టేవురా గుంటడా?" మూడు, అన్నాను. కాసేపు లెక్క వేసుకున్నట్టు పైకి చూసి, "రెండు కొట్టుంటే చెయ్యి ఒక్క చోటే విరిగేది" అన్నాడు. పక్క మంచం పాకిస్తానీ ఆయనకి హిందీలో చెప్పి మరీ నవ్వించాడు. నాకు నవ్వు రాలేదు. పనిలోకి రాని మూడు నెలలూ అతనికి జీతం రాలేదు. నా జీతంలో సగం తీసుకోమన్నాను. తీసుకోలేదు, బియ్యం మాత్రం తెమ్మనేవాడు. మీ మరదలి పెళ్లికి వచ్చినప్పుడు చూశావు కదా, తెల్ల లుంగీ పెద్దాయన, అక్షింతలు వేసేటప్పుడు ఎడమ చెయ్యి భుజం దాటి లేవలేదు.

కాబట్టి మనుషులు అడుగు వేసే చోటు ఏదైనా సరే, డెక్, మెట్టు, ఎక్కేటప్పుడు కాలు ఆనించే అంచు, కూర్చునే బల్ల కూడా, మైనం వద్దు. సబ్బుతో కడిగి వదిలేయ్, మెరవకపోతే మెరవకపోనీ. టూరిస్టులు చెప్పులతో ఎక్కుతారు, చంకలో పిల్లలుంటారు, రెండో చేతిలో ఫోను ఉంటుంది. నువ్వు ఏ చెయ్యి పట్టుకుంటావు?

పక్కలకి మాత్రం నీ ఇష్టం. కార్నౌబా మైనం తీసుకో. అది బ్రెజిల్‌లో మన తాటి జాతి చెట్టు ఒకటుంది, ఆ ఆకుల మీద పేరుకునే మైనం. ఎండకి ఆకు వాడిపోకుండా చెట్టు పూసుకునేది మనం బోటుకి పూస్తాం. సిలికాన్ ఉన్న చవక కారు పాలిష్ కొనకు, రేపు పెయింటో జెల్ కోటో వేయించాల్సి వస్తే రంగు పట్టక కళ్లు కళ్లుగా విడిపోతుంది. పలచగా రాయి. మసక పొర కట్టాక వేలితో గీసి చూడు, గీత శుభ్రంగా వస్తే తుడిచేయొచ్చు, జిడ్డుగా సాగితే ఇంకాసేపు ఆగు. పూర్తిగా ఆరాక రెండోసారి. ఇంకోటి, పాలిష్‌లో రాని మెరుపు మైనంలో రాదు. మసక మీద మైనం రాస్తే మసకే మిగులుతుంది.

ఎండలో చెయ్యకు. దుబాయ్, షార్జాల్లో ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని రూలు. నేను వెళ్లిన కొత్తలో అదీ లేదు. బోటు బాడీ కాలుతుంటే మందు రాసిన చోటే ఎండి రాయి అయిపోతుంది. పొద్దున్న ఐదింటికి మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేయ్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో ఒడ్డున మరపడవలకి రంగులేసేవాళ్లు పందిళ్లు వేసుకుంటారు, ఒక మూల చోటిమ్మని అడుగు. ఏడాదికి రెండుసార్లు చాలు, తుఫాన్లు దాటాక డిసెంబరులో ఒకసారి, ఎండలకి ముందు ఒకసారి. నీళ్లు చల్లితే ముత్యాల్లా నిలబడటం మానేసి పలచగా పరుచుకుంటే మాత్రం తారీకు చూడకు, మళ్లీ పట్టించు.

రోజూ సాయంత్రం ట్రాలీ మీద ఒడ్డుకి లాగుతావంటే అడుక్కి కూడా మైనం రాసుకో. గోస్తనీ మొగలో నీళ్లలోనే కట్టేస్తానంటే అక్కడ మైనం దండగ, గుల్లలు పట్టకుండా వేసే రంగు వేరే ఉంది. ఏం చేస్తావో చెబితే ఆ సంగతి విడిగా రాస్తాను.

నా పాత ఊల్ ప్యాడ్లు రెండు పెట్టెలోంచి తీయించాను, ఉతికి ఆరబెట్టాను, మంచిగానే ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి వచ్చే బస్సులో మీ బావ చేత పంపుతున్నాను. కాంపౌండు డబ్బులు నేనిస్తానని మీ అమ్మకి చెప్పకు.

పక్కలు పూర్తయ్యాక ఫోటో పెట్టొద్దు, నేనే వస్తాను. భీమిలిలో దిగి నేరుగా బోటు దగ్గరికే వస్తా. డెక్ మీద ఒక బకెట్ నీళ్లు పోసి ఉంచు. చెప్పులతో ముందు నేను ఎక్కి అటూ ఇటూ నడుస్తాను. మీ అమ్మని తర్వాత ఎక్కిద్దాం.

మీ మావయ్య
కళింగపట్నం