రాయగడ వైపు మూతపడ్డ గ్రాఫైట్ గని: తెరిచే ముందు

ఒడిశాలో రాయగడ వైపు మీ మామగారు పదిహేనేళ్ళ కిందట ఆపేసిన గ్రాఫైట్ గనిని, బ్యాటరీల వల్ల రేటు బాగుందంటున్నారు కాబట్టి మళ్ళీ తెరవొచ్చా అని మీరు అడిగారు. మాది గుణుపురం. రాయగడ దగ్గర ఒక ప్లాంటులో ఫ్లోటేషన్ సెక్షన్ (పొడి చేసిన రాయిలోంచి నీటి నురగతో గ్రాఫైట్‌ని తేల్చి వేరు చేసేది) చూసుకుంటూ ఆరేళ్ళు పనిచేశాను, సరిగ్గా ఇలాంటి గొయ్యినే తిరిగి తెరిచినప్పుడు అక్కడే ఉన్నాను.

ముందు లీజు బతికుందో లేదో కనుక్కోండి. వరసగా రెండేళ్ళు పని ఆగితే చట్ట ప్రకారం లీజు పోతుంది, గడువులోపు దరఖాస్తు పెట్టుకుని ఉంటే వేరే సంగతి. 2023లో గ్రాఫైట్‌ని కీలక ఖనిజాల్లో చేర్చారు కాబట్టి కొత్త లీజు కావాలంటే కేంద్రం వేసే వేలంలో పాడుకోవాల్సిందే. పైగా మన రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా ఐదో షెడ్యూల్ ప్రాంతం, అంటే రాజ్యాంగం ఆదివాసీలకి ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. 2013లో నియమగిరి కొండల కింద పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, పని ఆగిపోయింది. ఊరివాళ్ళతో ముందే కూర్చోండి. ఆ నేల వాళ్ళది, ఆ వాగు నీళ్ళు తాగేదీ వాళ్ళే.

మా దగ్గర ఏం జరిగిందంటే, 2011లో రేటు ఎగబాకగానే యజమాని హడావుడిగా డీజిల్ పంపులు పెట్టించి గొయ్యిలో నీళ్ళు తోడించడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ గోడకి ఆ నీళ్ళే ఆసరా అని, నానిపోయిన ఖోండలైట్ రాయి, మధ్యలో నూనె రాసినట్టుండే గ్రాఫైట్ పొరలు, నీళ్ళు దిగిపోతే నిలబడవని ఎవరూ ఆలోచించలేదు. ఒక రాత్రి తూర్పు గోడ జారి పంపుని కప్పేసింది. పంపు చూసే కుర్రాడు అంతకు కాసేపటి ముందే అన్నానికి పైకి వచ్చాడు. ఆ చప్పుడు నాకింకా గుర్తే. నీళ్ళు నెమ్మదిగా తోడాలి, గోడని మెట్లుగా కోసుకుంటూ దిగాలి, లైసెన్సున్న మైన్ మేనేజర్ లేకుండా ఒక్క మనిషిని కూడా దింపకూడదు.

తీరా మిల్లు తిరిగేసరికి రేటు పడిపోయింది. ఆరు నెలల జీతాలు ఆగిపోయాయి.

ఇంకొకటి, మీరు చూస్తున్న బ్యాటరీ రేటు 99.95 శాతం శుద్ధి చేసి, గుండ్రంగా చేసిన సరుకుది. చైనా 2023 డిసెంబరు నుంచి ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసిన దాంట్లో అదీ ఉంది. మా ఫ్లోటేషన్‌లో వచ్చేది తొంభై శాతం కార్బన్, అది లోహం కరిగించే మూసలు, కొలిమి ఇటుకలు చేసేవాళ్ళకి పోయేది. అందులోనూ పెద్ద రేకులకే రేటు, కానీ ఇనుప గుళ్ళతో రాయిని నూరే మా బాల్ మిల్లు వాటిని పిండి చేసేసేది.

లీజు ఉందని తేలితే రాయి నమూనాల కోసం ఎనిమిది, పది బోర్లు వేయించి, అందులో వచ్చిన రాయిని భువనేశ్వర్‌లో ఖనిజాలు పరీక్షించే ప్రభుత్వ సంస్థ ఐఎంఎంటీకి పంపండి. కార్బన్ శాతంతో ఆగకుండా రేకు సైజు ఏ జల్లెడ మీద ఎంత నిలుస్తోందో కూడా అడగండి. రిపోర్టు వచ్చాక చూపించండి, ఏ మిల్లు పెట్టాలో నాకు తెలిసినంత చెప్తాను.