పడుకునే ముందు పది నిమిషాలని ఫోన్ తీస్తే రాత్రి రెండవుతోంది!

ప్రశ్న: నా వయసు 27. ఎంకామ్ చేశాను. మాది నల్గొండ జిల్లా. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. పగలంతా స్టడీ హాల్లోనే ఉంటాను. పడుకునే ముందు కాసేపని ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే ఒంటిగంట, రెండు అవుతోంది. నాతో చదివినవాళ్ల పెళ్లిళ్లు, కార్లు, అమెరికా ఫొటోలు చూస్తుంటే ఏడుపొస్తోంది. రెండుసార్లు యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నాను. ఈమధ్య ఆకలి లేదు, చదివింది గుర్తుండట్లేదు. ఒక్కోసారి ఇదంతా ఎందుకు అనిపిస్తోంది. ఇది సోషల్ మీడియా అడిక్షనా, డిప్రెషనా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ‘ఇదంతా ఎందుకు’ అన్నారు చూశారా, ముందు దాని గురించే అడుగుతాను. అది చదువు మీద విసుగా, లేక బతుకు మీదేనా? చనిపోవాలన్న ఆలోచన ఏ కొంచెం వచ్చినా ఒంటరిగా ఉండకండి. రూమ్మేట్‌కో, ఇంట్లోవాళ్లకో వెంటనే చెప్పండి. టెలీమానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. అది మానసిక సమస్యల్లో సాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక మీరడిగినదానికి వస్తే, ఉత్తరం చదివి జబ్బు పేరు తేల్చకూడదు. కానీ దిగులు, నిద్రలేమి, ఆకలి మందగించడం, ఏకాగ్రత తగ్గడం దాదాపు రోజూ ఉంటూ రెండు వారాలు దాటితే డిప్రెషన్ ఉందేమోనని మేం తప్పకుండా చూస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో వీడియో గేమ్‌ల వ్యసనానికి చోటుంది గానీ, సోషల్ మీడియా వ్యసనం అని విడిగా లేదు. అంతమాత్రాన మీ బాధ ఉత్తదైపోదు. దిగులుగా ఉన్న మనిషి ఫోన్‌లోకి పోతుంది, ఫోన్ చూశాక దిగులు ఇంకాస్త పెరుగుతుంది. చాలామందిలో జరిగేది ఇదే. అందుకే తప్పంతా ఫోన్ మీదకు నెట్టి అసలు జబ్బుకు వైద్యం ఆలస్యం చేసుకోవద్దని నా గట్టి మాట.

యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. రీల్స్‌కు చివర అంటూ ఉండదు. తర్వాతది బాగుంటుందేమోనన్న ఆశే వేలిని కదిలిస్తుంది. పగలంతా చదివి అలసిన మెదడుకు ‘ఇక చాలు’ అనే శక్తి రాత్రికి తగ్గుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీరు ఏ వీడియో దగ్గర ఎక్కువసేపు ఆగారో యాప్ గమనిస్తుంది. స్నేహితురాలి పెళ్లి వీడియోను ఏడుస్తూ చూసినా, ఇష్టపడి చూశారనుకుని అలాంటివే మరో నాలుగు ముందుకు తెస్తుంది. అలా మీ ఒక్కరికి తప్ప అందరికీ పెళ్లిళ్లూ ఉద్యోగాలూ అయిపోయినట్టు కనిపిస్తుంది. కారు ఫొటో పెట్టినవాళ్లు దాని ఈఎంఐ గురించి పెట్టరు కదా!

పూర్తిగా మానేయమని నేను చెప్పను. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులపై చేసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. కొందరిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ రోజుకు పదేసి నిమిషాలే చూడమన్నారు. మూడు వారాలకు వాళ్లలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. చిన్న అధ్యయనమే అయినా మీకు పనికొచ్చే దారి.

అన్నిటికన్నా ముందు రాత్రి సంగతి చూడండి. హాస్టల్ గదుల్లో ప్లగ్ మంచం పక్కనే ఉండటంతో ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ దిండు దాకా వచ్చేస్తుంది. పదిన్నరకల్లా దాన్ని తలుపు దగ్గరున్న బోర్డుకు పెట్టేయండి, కుదరకపోతే రూమ్మేట్ బీరువాలో పెట్టించండి. ఇంటి నుంచి ఫోన్ వస్తే వినపడేలా రింగ్ ఉంచండి. అలారం కోసం మామూలు గడియారం కొనుక్కోండి. నిద్ర కుదుటపడితే చదివింది గుర్తుండటం కూడా మెరుగవుతుంది.

చూస్తే బాధ కలిగే ఖాతాలను మ్యూట్ చేయండి. అవతలివాళ్లకు ఆ సంగతి తెలియదు, స్నేహం చెడదు. ఇన్‌స్టాగ్రామ్‌ను సాయంత్రం టీ వేళకు మార్చుకుని ఇరవై నిమిషాల టైమర్ పెట్టండి. టెలిగ్రామ్ గ్రూపుల గురించి మీరు రాయలేదు గానీ, మీలా చదువుకునేవాళ్లలో నేను ఎక్కువగా చూసే ఆందోళన అక్కడిదే. కటాఫ్ ఇంతట, పరీక్ష వాయిదాట అంటూ అర్ధరాత్రి దాకా మెసేజ్‌లు! ఒక్క గ్రూపు ఉంచుకుని నోటిఫికేషన్లు ఆపేయండి. టీజీపీఎస్సీ వెబ్‌సైట్ రోజుకోసారి చూసుకుంటే సరిపోతుంది.

ఇవి చేస్తూనే ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో ఓపీ ఉంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా అవసరం కావచ్చు. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ హార్మోన్ తగ్గినా ఇలాగే నీరసం, మతిమరుపు కనిపిస్తాయి. డిప్రెషన్ అని తేలితే, కొందరికి కౌన్సెలింగ్‌తోనే సరిపోతుంది, కొందరికి మందులు కావాలి. మందులు వేసుకుంటే మత్తుగా ఉండి చదవలేమని చాలామంది వెనకాడతారు. పరీక్షలకు చదువుతున్నానని డాక్టర్‌కు చెప్పండి, మత్తు తక్కువగా ఉండేవే రాస్తారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా సొంతంగా ఆపేయకండి.